రెండు తేదీల మధ్య పని దినాలు ఎన్ని? పోస్ట్‌గ్రెస్‌లో ఫంక్షన్ రాద్దాం

ఈ ఎపిసోడ్‌లో రెండు తేదీల మధ్య పని దినాలు లెక్కపెట్టే ఫంక్షన్ రాద్దాం. నేను పోస్ట్‌గ్రెస్ వాడుతున్నాను. మీరు ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఉన్నా, ఒరాకిల్‌లో ఉన్నా లెక్క ఇదే, రాసే తీరే మారుతుంది.

కోడ్ కంటే ముందు రూల్ చదవాలండి. బ్యాంకు ఉదాహరణ తీసుకుందాం. మీ అకౌంట్‌లోంచి మీకు తెలియకుండా డబ్బు పోయింది. తప్పు మీదీ కాదు, బ్యాంకుదీ కాదు, మధ్యలో ఇంకెక్కడో జరిగింది. రిజర్వ్ బ్యాంక్ 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, బ్యాంకు మెసేజ్ అందాక మూడు పని దినాల్లోపు మీరు ఫిర్యాదు చేస్తే మీ మీద పైసా భారం పడదు. నాలుగు నుంచి ఏడు పని దినాలైతే, మామూలు సేవింగ్స్ అకౌంట్‌కి 10,000 రూపాయల దాకా మీరే భరించాలి. మెసేజ్ అందిన రోజును వదిలేయాలి, హోమ్ బ్రాంచ్ పనిచేసే రోజులే లెక్కలోకి తీసుకోవాలి అని కూడా అందులోనే ఉంది. మన ఫంక్షన్‌కి కావాల్సినదంతా ఆ ఒక్క వాక్యంలో వచ్చేసింది.

ఇప్పుడు తేదీలు వేసి చూద్దాం. 2025 జనవరి 24, శుక్రవారం మెసేజ్ వచ్చింది. కస్టమర్ 29, బుధవారం ఫిర్యాదు చేశాడు. ఆదివారం ఒక్కటే తీసేసి, 24ను కూడా కలిపి లెక్కేస్తే ఐదు రోజులు. అంటే కస్టమర్ జేబుకి చిల్లు. కానీ 24ను వదిలేయాలి. 25 నాలుగో శనివారం, 2015 సెప్టెంబర్ నుంచి రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవు. 26 ఆదివారం. మిగిలినవి 27, 28, 29. సరిగ్గా మూడు! అతని డబ్బు మొత్తం వెనక్కి రావాలి.

ఫంక్షన్ స్క్రీన్ మీద ఉంది, చూడండి. జనరేట్ సిరీస్‌కి మొదటి తేదీ ప్లస్ ఒకటి నుంచి చివరి తేదీ దాకా ఇచ్చాను. రోజుకో వరుస వస్తుంది, దాన్ని డేట్‌గా మార్చుకోండి, లేకపోతే టైమ్‌స్టాంప్‌గా ఉండిపోతుంది. వేర్ కండిషన్‌లో ఐసోడౌ ఏడు అయితే ఆదివారం, తీసేస్తాం. ఆరు అయితే శనివారం. అది రెండోదా, నాలుగోదా ఎలా తెలుస్తుంది? చాలా తేలికండి. రెండో శనివారం ఎప్పుడూ 8 నుంచి 14 లోపే వస్తుంది, నాలుగోది 22 నుంచి 28 లోపు. ఐదో శనివారం పనిరోజే, దాన్ని ముట్టుకోవద్దు.

తర్వాత సెలవుల టేబుల్. నాట్ ఎగ్జిస్ట్స్‌తో అందులో ఉన్న తేదీల్ని వదిలేస్తాం. కొందరు ముందు వారాంతాలు తీసేసి, ఆ తర్వాత సెలవుల కౌంట్‌ని విడిగా మైనస్ చేస్తారు. పైన చూసిన జనవరి 26 రిపబ్లిక్ డే కదా, ఆదివారం కూడా. అలా చేస్తే దాన్ని రెండుసార్లు తీసేసినట్టు. అప్పుడు 30న ఫిర్యాదు చేసినవాడికి కూడా మూడే చూపిస్తుంది, నిజానికి నాలుగు. ఈసారి నష్టం బ్యాంకుది. ఒక్కో రోజునూ విడిగా పరీక్షిస్తే ఈ గొడవే లేదు. వరుసలు ఎక్కువైతే స్పీడ్ తగ్గుతుందంటారా? పది, ఇరవై రోజుల లెక్కకి ఆ బెంగ అక్కర్లేదు.

టేబుల్‌లో తేదీ ఒక్కటే పెడితే సరిపోదు, ప్రాంతం కాలమ్ కూడా ఉండాలి. 2024 ఏప్రిల్ 9, మంగళవారం ఉగాది. హైదరాబాద్‌లో బ్యాంకులకు సెలవు, ఢిల్లీలో పనిరోజే. అందుకే ఫంక్షన్‌కి మూడో పారామీటర్‌గా బ్రాంచ్ ప్రాంతం ఇచ్చాను.

చివరిగా ఒక చిన్న మాట. ఫంక్షన్‌ని స్టేబుల్ అని డిక్లేర్ చేయండి, ఇమ్మ్యూటబుల్ అని మాత్రం వద్దు. ఇమ్మ్యూటబుల్ అంటే అవే తేదీలకి జవాబు ఎప్పటికీ మారదని డేటాబేస్‌కి మాట ఇచ్చినట్టు. నెలవంక కనపడక రంజాన్ సెలవు ఒకరోజు జరిగిందనుకోండి, మీరు టేబుల్‌లో వరుస మారుస్తారు. కానీ ఆ ఫంక్షన్ మీద ఇండెక్స్ వేసి ఉంటే అందులో పాత లెక్కే ఉండిపోతుంది.