తరగతికి పట్టిన అద్దం
భాషోపాధ్యాయుల శిక్షణలో వీడియో

ఖుర్ఆన్ పారాయణం నేర్పే ఉస్తాదు విద్యార్థిని ఎదుట కూర్చోబెట్టుకొని వింటాడు. అక్షరం తప్పితే అక్కడే ఆపుతాడు. సరిగా పలికేదాకా ముందుకు సాగనివ్వడు. విద్యార్థి చదువును వినే వారు ఈ విధంగా ఉన్నారు. కాని ఉపాధ్యాయుని బోధనను వినే వారెవరు? బడిలోనైనా, మదరసాలోనైనా తరగతి తలుపు మూసుకున్న తరువాత ఉపాధ్యాయుడు ఒంటరివాడే. ఎప్పుడో ఒకసారి తనిఖీ అధికారి వచ్చి వెనుక బల్లపై కూర్చుంటే, ఆనాటి పాఠం పిల్లల కొరకు గాక ఆయన కొరకు జరుగుతుంది. ఈ లోటును తీర్చగల సాధనాలలో తరగతి వీడియో ఒకటి.

సికిందరాబాదులోని సీతాఫల్‌మండి వంటి పేటలో ఈ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. ఇక్కడి వీధులలో తెలుగు, ఉర్దూ పక్కపక్కనే వినిపిస్తాయి. ఇంట ఉర్దూ మాట్లాడే పిల్లవాడు బడిలో తెలుగు, ఇంగ్లీషు నేర్చుకోవాలి. ఖుర్ఆన్ చదవడానికి అరబీ అక్షరాలూ నేర్చుకోవాలి. 2018లో తెలంగాణ శాసనసభ ఆమోదించిన చట్టం పాఠశాలల్లో తెలుగు బోధనను దశలవారీగా తప్పనిసరి చేసింది. కనుక మాతృభాష కాని భాషను పిల్లలకు ఎట్లా నేర్పాలన్నది ఇక్కడ ప్రతిరోజూ ఎదురయ్యే ప్రశ్న.

ఈ ప్రశ్నపైనే పనిచేసే ఒక ప్రముఖ సంస్థ సీతాఫల్‌మండికి సమీపంలోనే, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఆనుకొని ఉన్నది. 1958లో కేంద్ర ఇంగ్లీషు సంస్థగా ఆరంభమై, 1972లో విదేశీ భాషలను కూడా పేరులో చేర్చుకొని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన ఇఫ్లూ అది. ఇంగ్లీషు ఉపాధ్యాయుల శిక్షణ దాని తొలి కర్తవ్యాలలో ఒకటి. వీడియో పాఠాలు తయారుచేసే కేంద్రం కూడా అక్కడ ఉన్నది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 1984 ఆగస్టు 15న దూరదర్శన్‌లో పాఠాల ప్రసారం ప్రారంభించినప్పటి నుండి దేశంలో ఇటువంటి కేంద్రాలు పెరిగాయి. అయితే నిపుణుని పాఠాన్ని తెరపై చూడడం ఒకటి, తన పాఠాన్ని తానే చూసుకోవడం మరొకటి. మొదటిదానిలో అనుకరణ ఉన్నది. రెండవదానిలో ఆత్మపరిశీలన ఉన్నది.

ఈ రెండవ పద్ధతికి 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ ఆలెన్, ఆయన సహచరులు రూపొందించిన సూక్ష్మబోధన దారి చూపింది. కొద్దిమంది పిల్లలకు కొద్ది నిమిషాల పాఠం చెప్పడం, దానిని రికార్డు చేసి చూడడం, ఒక్క లోపాన్ని ఎంచుకొని మళ్లీ చెప్పడం దీని క్రమం. భారతదేశంలోని బి.ఎడ్. కళాశాలల్లో ఈ పద్ధతి వ్యాపించింది గాని, చాలాచోట్ల కెమెరా లేకుండా, తోటి శిక్షణార్థులనే పిల్లలుగా కూర్చోబెట్టి జరిపారు. నాడు వీడియో యంత్రం అందరికీ అందేది కాదు. నేడు అది జేబులోని ఫోనులోనే ఉన్నది.

వీడియో ఏమి చూపగలదో ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. ఉర్దూలో ‘ళ’ ధ్వని లేదు. తెలుగు తరగతిలో ఉర్దూ పిల్లవాడు “నాకు రెండు కల్లు ఉన్నాయి” అంటాడు. తోటివారు నవ్వుతారు. ఉపాధ్యాయుడు “కళ్లు, మంచిది, కూర్చో” అని ముందుకు పోతాడు. తాను తప్పు దిద్దానని ఆయన నమ్మకం. రికార్డింగు చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. సరైన మాట పలికింది ఉపాధ్యాయుడే, పిల్లవాడు ఒక్కసారైనా పలకలేదు. “మంచిది” అన్న మాట విని తాను చెప్పినదే సరియనుకొని కూర్చున్నాడు. అరబీ నేర్పేచోటా ఇంతే. తెలుగు పిల్లవాని నోట సీన్, సాద్ రెండూ ‘స’గానే వస్తాయి.

కెనడాలో ఫ్రెంచి నేర్పే నాలుగు తరగతులను రికార్డు చేసి లిస్టర్, రాంటా అనే పరిశోధకులు 1997లో ప్రకటించిన విషయం ఇదే. ఉపాధ్యాయులు దిద్దిన సందర్భాలలో సుమారు 55 శాతం ఇట్లా తామే సరైన రూపాన్ని పలికినవి. కాని విద్యార్థి తన తప్పును తాను సరిదిద్దుకొనేటట్లు చేయడంలో వెనుకబడినది ఆ పద్ధతే.

మౌనం మరొక అంశం. అమెరికాలో విజ్ఞానశాస్త్ర తరగతుల రికార్డింగులను పరిశీలించిన మేరీ బడ్ రో, ప్రశ్న వేసిన ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని 1970ల్లో తెలిపారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు దీర్ఘమయ్యాయి, మౌనంగా ఉండే పిల్లలూ మాట్లాడసాగారు. పరభాషలో మాట వెతుక్కునే పిల్లవానికి ఆ వ్యవధి మరింత అవసరమని వేరే చెప్పనక్కరలేదు.

ఆచరణ కష్టమైనది కాదు. పది నిమిషాల పాఠాన్ని రికార్డు చేస్తే చాలు. మొదట ఉపాధ్యాయుడు ఒంటరిగా చూడాలి. అన్ని లోపాలనూ ఒకేసారి వెతకక, ఒక్క ప్రశ్ననే పట్టుకోవాలి: ఎవరు ఎక్కువ మాట్లాడారు? తప్పును ఎవరు దిద్దారు? వెనుక వరుసవారిని ఎవరైనా పిలిచారా? మూడు నిమిషాల సంభాషణను ఉన్నదున్నట్లు కాగితంపై వ్రాసుకుంటే చాలా విషయాలు బయటపడతాయి. తరువాత నమ్మకమైన ఒక సహోపాధ్యాయునితో కలిసి చూసి, మరుసటి వారం మార్చి బోధించాలి.

ఇక్కడొక హెచ్చరిక అవసరం. ఆ రికార్డింగు ఎవరి చేతిలో ఉన్నదన్నదానిపైనే దాని మేలు ఆధారపడి ఉన్నది. యాజమాన్యం దానిని జీతం పెంపుకో, తొలగింపుకో సాక్ష్యంగా వాడుకుంటే ఉపాధ్యాయుడు కెమెరా ఎదుట నటించడం నేర్చుకుంటాడు. అప్పుడది తనిఖీయే అవుతుంది. దానిని వాట్సాప్‌లో పంచితే మాట తడబడిన పిల్లవాడు పదిమందిలో నవ్వులపాలవుతాడు. తోటివారి లోపాలను కప్పిపుచ్చమన్న ధర్మం ఇక్కడా వర్తిస్తుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా 18 ఏళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటున్నది. కెమెరాను పిల్లల వెనుక నుంచి ఉపాధ్యాయుని వైపు పెట్టవచ్చు. ముఖం కనిపించడం ఇష్టం లేని ఉపాధ్యాయినులు కేవలం ధ్వనిని రికార్డు చేసుకోవచ్చు. భాషాబోధనలో చెవికి అందేదే సగం పైగా ఉన్నది. పని ముగిశాక చెరిపివేయడం మంచిది.

విద్యార్థి తప్పును ఓపికగా వినే ఉస్తాదుకు సమాజంలో గౌరవం ఉన్నది. తన తప్పును కూడా అంతే ఓపికగా వినగలిగిననాడు, “కల్లు” అని కూర్చున్న పిల్లవాణ్ణి మళ్లీ లేపి, “కళ్లు” అని అతని నోటనే పలికించగలుగుతాడు.