కాకి ముద్ద

మా అమ్మ పదోరోజున కాకి రాలేదు.

చెరువుగట్టున రావిచెట్టు కింద అరటాకు వేసి, పిండం పెట్టి, అందరం పదడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డాము. ఆ నిలబడటం ఎటువంటిదో గోదావరి జిల్లాలలో పుట్టినవారికి వేరే చెప్పనక్కరలేదు. అయిదు నిమిషాలు గడిచాయి. పావుగంట గడిచింది. మొగల్తూరులో కాకులకు కరువా? చేపలబుట్ట దింపితే చాలు, ఎక్కడినుంచి వస్తాయో గాని యాభై వచ్చి వాలుతాయి. ఆవేళ మాత్రం రావికొమ్మమీద ఒక్కటి లేదు.

“వదినకు ఏదో కోరిక మిగిలిపోయిందిరా” అన్నాడు మా బాబాయి.

ఇక ఎవరికి తోచిన మాట వారు ఇచ్చారు. ఇల్లు అమ్మనని నేను మాట ఇచ్చాను. నెలకొకసారి వచ్చి నాన్నగారిని చూసిపోతానని మా చెల్లెలు కళ్ళు తుడుచుకుంటూ మాట ఇచ్చింది. కాకి రాలేదు. తర్పణాలూ పిండాలూ నమ్ముతావా అని నన్ను ఎవరైనా అడిగితే నీళ్ళు నమిలేవాణ్ణి. కాకులకు పిండాలు పెట్టేవాళ్ళను వేమన పెట్టిన చీవాట్లు క్లాసులో ఎంతో హుషారుగా చెప్పేవాణ్ణి కూడాను. కాని ఆ అరగంటసేపూ నా గుండె నా మాట వినలేదు.

ఇంతలో పక్కింటి కుర్రాడు సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు.

“మాస్టారండీ! కాకులన్నీ మీ పెరటిగోడ మీదే వున్నాయండి. గోల గోల చేసేస్తున్నాయండి.”

అప్పుడు తట్టింది. ఇరవై ఏళ్ళపాటు మా అమ్మ రోజూ ఉదయం ఏడు గంటలకు, ఇంట్లో ఎవరూ ఎంగిలిపడకముందే, గిన్నెలోని మొదటి ముద్ద తీసి పెరటిగోడ మీద పెట్టేది. గరిటెతో సత్తుపళ్ళెం మీద మూడుసార్లు తట్టేది. ఆ చప్పుడుకు కాకులు వచ్చేవి. ఆమె పోయిన తరవాత ఆ సంగతి మాలో ఒక్కరికీ గుర్తులేదు. అమ్మ కోసం మేము చెరువుగట్టున కాకిని వెతుకుతూంటే, కాకులు మా పెరట్లో అమ్మను వెతుకుతున్నాయి!

పురోహితులవారు పెద్దమనసు గలవారు. “ఒక ముద్ద అక్కడికే తీసుకుపోయి పెట్టండి. దూరమేముంది?” అన్నారు. మా చెల్లెలు ఇంటికి పరుగెత్తి పళ్ళెం మీద మూడుసార్లు తట్టింది. ముద్ద నిమిషంలో మాయమైంది.

ఇది 2019 నాటి మాట. మర్నాటినుంచి ఆ పళ్ళెం, గరిటె నా చేతికి వచ్చాయి.

పళ్ళెం వచ్చింది గాని పరపతి రాలేదు. మొదటి పదిహేను రోజులూ నేను తడితే కాకులు వచ్చేవి. వచ్చి పక్కింటి కొబ్బరిమట్ట మీద కూర్చుని నన్ను ఎగాదిగా చూసేవి. నేను లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంటే తప్ప గోడమీద వాలేవి కావు. అమ్మ అయితే చెయ్యెత్తు దూరంలో నిలబడి, “నీకు నిన్న పెట్టాను గదే, దాన్ని తిననీ” అని వాటి తగువులు తీర్చేది. నాకు ఆ హోదా రావటానికి ఆరునెలలు పట్టింది. ఈ ఆరునెలల్లో నేర్చుకున్నదేమిటంటే, కాకి దగ్గర చొరవ పనికిరాదు. దాని కళ్ళలోకి గుచ్చిగుచ్చి చూడకూడదు, చేతిలో కర్ర గాని గొడుగు గాని వుండకూడదు, వేళ తప్పకూడదు. పెట్టిందేమిటన్నది తరవాతి సంగతి. పప్పన్నమైనా తింటుంది, మొన్నటి దోసె అయినా తింటుంది. ఎండిపోయిన రొట్టెముక్క పెడితే ముక్కున కరుచుకుని పక్కనే వున్న కుడితితొట్టిలో ముంచి, నానబెట్టుకుని మరీ తింటుంది. కడుపు నిండాక దొరికింది పారెయ్యదు. పెంకుల సందున దాచి, పైన ఒక ఎండుటాకు కప్పి, ఎవరూ చూడలేదు కదా అని అటూఇటూ చూసుకుని పోతుంది. దాచుకునే గుణం మనకే వుందనుకుంటాము.

మా ఊళ్ళో రెండు జాతులున్నాయి. మెడచుట్టూ బూడిదరంగు శాలువా కప్పుకున్నట్టుండేది ఊరకాకి. ఒళ్ళంతా నలుపై, ముక్కు లావుగా, గొంతు బొంగురుగా వుండేది బొంతకాకి. గోడమీదికి ఊరకాకులు గుంపుగా వస్తాయి. బొంతకాకి ఒక్కటో రెండో వచ్చి, పెద్దమనిషిలాగా ఆగి, తన వాటా తీసుకుపోతుంది. ఊరకాకులలో ఒకదానికి ఎడమకాలు వంకర. మా పిల్లలు దానికి ‘కుంటమ్మ’ అని పేరు పెట్టారు. అందరికన్న ముందు నా మీద నమ్మకం కుదిరింది దానికే.

నిఘంటువులు తిరగేసే వృత్తి నాది గనుక ఒకమాట చెప్పకుండా వుండలేను. అమరకోశం కాకికిచ్చిన పేర్లు చూడండి: బలి మెతుకులు తినేది గనుక బలిభుక్కు, తన పేరు తానే అరుచుకుంటుంది గనుక ఆత్మఘోషం, పరులను పోషిస్తుంది గనుక పరభృత్తు. ఏకదృష్టి అని మరొక పేరుంది. చిత్రకూటంలో సీతమ్మను పొడిచి, రాముడి గడ్డిపోచకు ఒక కన్ను అప్పగించిన కాకాసురుడి కథ అందరికీ తెలిసిందే. నిజానికి కాకికి రెండు కళ్ళూ వున్నాయి. తల పక్కకు వాల్చి ఒక్కో కంటితో చూస్తుంది గనుక మన పెద్దలకు అలా తోచింది కాబోలు. కాకికి చిరంజీవి అన్న పేరు కూడా వుంది. మొగల్తూరువాడినై వుండి ఈ మాట క్లాసులో చెప్పినప్పుడల్లా వెనక బల్లలవాళ్ళు ఈలలు వేస్తారు. వెయ్యనీండి!

చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రికలో మిత్రలాభం చదవని తెలుగు విద్యార్థి ఒకప్పుడు లేడు. అందులో లఘుపతనకమనే కాకి, హిరణ్యకుడనే ఎలుకతో స్నేహం కోరి కలుగు ముందు కూర్చుంటుంది. తినేవాడికీ తినబడేవాడికీ చెలిమేమిటని ఎలుక లోపలినుంచే బదులిస్తుంది. పాతికేళ్ళుగా పాఠం చెబుతూ నేను ఎప్పుడూ ఎలుక పక్షమే. పెరటిగోడ దగ్గర మాత్రం నేనే ఆ కలుగు ముందు కూర్చున్న కాకిని. నన్ను పరీక్షిస్తున్నది అవతలివారు.

పరీక్షలో నెగ్గానని ఎలా తెలిసిందంటే — కాలేజీకి బయలుదేరితే కుంటమ్మ కరెంటు తీగల వెంబడి బస్టాండు మలుపుదాకా నాతో వచ్చేది. మలుపు దాటాక వేరే కాకుల రాజ్యం, అక్కడ ఆగిపోయేది. ఒకసారి మోటారుసైకిలు కొన్నాను. హెల్మెట్టు పెట్టుకుని గేటు దాటానో లేదో, నెత్తిమీద ఒకటే అరుపులు! పదిహేను కాకులు పోగయ్యాయి. హెల్మెట్టు తీసి “నేనేనే తల్లీ” అన్నాను. గోల ఆగిపోయింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి నవ్వీ నవ్వీ అలసిపోయింది.

ఇది నా ఒక్కడి ముచ్చట కాదు. అమెరికాలో సియాటిల్ నగరాన వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ మార్జ్‌లఫ్ అనే ఆచార్యుడు 2006లో ఒక ఆటవంటి ప్రయోగం చేశాడు. గుహల్లో వుండే ఆదిమానవుడి ముఖం ఒకటి తగిలించుకుని ఏడు కాకుల్ని పట్టి, కాళ్ళకు పట్టీలు వేసి వదిలేశాడు. ఆ తరవాత ఆ ముఖం తగిలించుకుని ఎవరు నడిచినా కాకులు తరిమి తరిమి తిట్టాయి. మరో ముఖం పెట్టుకుంటే ఊరుకున్నాయి. చిత్రమేమిటంటే, వలలో పడని కాకులు కూడా తోటివాటిని చూసి ఆ ముఖాన్ని నేర్చుకున్నాయి. సంవత్సరాలు గడిచినా మరిచిపోలేదు. అదే నగరంలో కాకులకు తిండి పెట్టే ఒక చిన్నపిల్లకు అవి పూసలూ గుండీలూ తెచ్చి ఇచ్చేవని 2015లో పత్రికలు రాశాయి. నాకు ఇంతవరకు ముట్టినది ఒక కోడి ఎముక. అది బహుమానమో, జారిపడిందో తేల్చుకోలేకపోయాను.

వేసవిలో మరో నాటకం. మామిడికొమ్మ మీద కుంటమ్మ గూడు కట్టింది — పుల్లలు సగం, ఇనపతీగ ముక్కలు సగం. మగకోయిల నల్లగా నిగనిగలాడుతూ గూటి ఎదుటికి వచ్చి కూసేది. కాకులు రెండూ దాని వెంటపడేవి. ఆ సందులో, మచ్చల మచ్చల ఆడకోయిల గూటిలో దూరి గుడ్డు పెట్టి పోయేది. కోయిలగుడ్డు ముందే పగులుతుంది; ఆ పిల్ల ముందే నోరు తెరుస్తుంది. రెక్కలొచ్చి గోడమీద కూర్చున్న చారల పిల్లకు కుంటమ్మ నా పప్పన్నం నోట కుక్కుతూంటే నేను కళ్ళారా చూశాను. మన కవులు వసంతమంతా కోయిలను పొగిడారు. దాన్ని పెంచి పెద్దచేసినదానికి ‘కాకిగోల’ అన్న పేరు మిగిలింది.

ఇంత చెప్పాక, కాకి మంచి పొరుగుదని మాత్రం అనను. ఆరేసిన బట్టల మీద రెట్టలు, మూత లేని గిన్నెలో ముక్కు, పిచికగూళ్ళ మీద దాడి — అన్నీ వున్నాయి. ఓడలెక్కి తూర్పు ఆఫ్రికా చేరిన మన ఊరకాకులు అక్కడి చిన్నపిట్టల్ని బతకనివ్వటం లేదని 2024లో కెన్యా ప్రభుత్వం పదిలక్షల కాకుల్ని చంపుతామని ప్రకటించింది. మన దేశంలోనూ 1972 నాటి వన్యప్రాణి చట్టం ఎలుకలతో పాటు కాకినీ చీడల పట్టికలో చేర్చింది. 2022లో చట్టం సవరించినప్పుడు ఆ పట్టికే ఎత్తేశారు.

మా వీధి చివరి ఆసామీ దగ్గర అయితే ఏ సవరణలూ పనిచేయవు. ఆయనకు ఊరిబయట రొయ్యల చెరువులున్నాయి. మా ప్రాంతంలో వరిచేలు చాలామటుకు చెరువులైపోయిన సంగతి తెలిసిందే. 1994 ప్రాంతాల్లో దేశంలోకి వచ్చిన తెల్లమచ్చ తెగులు సోకితే రొయ్యలు నీరసించి గట్టువారకు చేరతాయి. కాకి ఒకదాన్ని ఎత్తుకుపోయి పక్కచెరువులో జారవిడిస్తే రెండో రైతూ మునిగినట్టే. అందుకే చెరువుల మీద దారాలు కడతారు, టపాకాయలు పేలుస్తారు.

“మీరు మేపుతున్నది మా కొంపలు ముంచేవాటినండి మాస్టారూ” అన్నాడాయన ఒకనాడు నడివీధిలో. ఆయన బాధ ఆయనది. అప్పటికే ఒక పంట పోయి అప్పులపాలై వున్నాడు. నేను జవాబు చెప్పలేదు.

2025 ఫిబ్రవరిలో నాకు అసలు చిక్కు వచ్చిపడింది. మా జిల్లాలోనే తణుకు మండలం వేల్పూరులో కోళ్ళకు బర్డ్ ఫ్లూ అని తేలింది. 2021 జనవరిలో రాజస్థాన్, మధ్యప్రదేశ్ వైపు ఈ జబ్బుతోనే కాకులు గుంపులుగా చచ్చిపడ్డాయని చదివి వున్నాను. ఇంట్లో చిన్నపిల్లలు, ఎనభై దాటిన నాన్నగారు. మా ఆవిడ సత్తుపళ్ళెం తీసి అటకమీద పెట్టేసింది. ఆమె చేసింది సబబే. చచ్చిన పక్షిని ముట్టుకోవద్దని, రెట్టలు పడిన చోట చేతులు పెట్టవద్దని పిల్లలకు నేనే చెప్పాను.

చెప్పటం తేలిక. మర్నాడు ఏడు గంటలకు అవి గోడమీద వున్నాయి. నేను కిటికీ వెనక. అరవలేదు, అరిస్తే బాగుండేది. కుంటమ్మ తల పక్కకు వాల్చి, ఒక కంటితో, తలుపుకేసి చూస్తూ కూర్చుంది. ఎనిమిది రోజులు వచ్చాయి. తొమ్మిదోరోజున నాలుగే వచ్చాయి. తరవాత రాలేదు. నేను రోడ్డుమీద నడిచి వెళుతూంటే తీగలమీద మాత్రం కనిపించేవి. నేనే తల దించుకునేవాణ్ణి.

వేసవి వెళ్ళాక, జబ్బు సద్దుమణిగిందన్నాక, పళ్ళెం దించాను. ఈసారి ఇంటిగోడ వద్దనుకుని చెరువుగట్టుకు వెళ్ళాను. ఇంటికి ఎడం, రొయ్యల చెరువులకూ ఎడమే. మొదటిరోజే వచ్చాయి! ఆరునెలల పరీక్ష మళ్ళీ పెట్టలేదు. కుంటమ్మ మాత్రం వాటిలో లేదు. ఇవాళ్టికీ లేదు.

ఆ కార్తీకంలో వీధిచివరి ఆసామీగారి తండ్రి పోయాడు. పదోరోజు పొద్దున్నే ఆయన మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. గడ్డం పెరిగి, కళ్ళు లోతుకుపోయి వున్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

“గంట దాటిందండి మాస్టారూ. ఒక్కటీ వాలటం లేదండి. మా అమ్మ అక్కడ ఒకటే ఏడుస్తున్నాదండి” అని ఆగి, నేలచూపులు చూస్తూ, “తమరొచ్చి ఓసారి ఆ పళ్ళెం తడతారా అండి?” అన్నాడు.

చొక్కా తొడుక్కుని వెళ్ళాను. గట్టున జనం దారి ఇచ్చారు. పళ్ళెం మీద మూడుసార్లు తట్టి వెనక్కి వచ్చాను. రావిచెట్టు మీదికి ఒకటి వచ్చింది, వెనకే మరి రెండు. మెడమీద బూడిదరంగు ఇంకా సరిగ్గా తేరని పడుచుకాకి ఒకటి దిగి, ఆకుచుట్టూ గెంతి, ముద్దలో ముక్కు పెట్టింది. “ముట్టింది, ముట్టింది” అన్నారు ఆడవాళ్ళు. ఆ ముసలమ్మ చేతులు జోడించింది. కాకి రెండోసారి నోటినిండా తీసుకుని ఎగిరి, గట్టు అవతల పెంకుటింటి చూరులో దాచి, ఎండుటాకు కోసం వెతుక్కుంటోంది.

మర్నాడు ఏడు గంటలకు నేను గట్టుకు వెళుతూంటే, వీధిచివర ప్రహరీ మీద ఒక అన్నం ముద్ద కనిపించింది. ఆసామీగారు గేటు లోపల నిలబడి, నన్ను చూసి, చేతిలోని గరిటె వెనక్కి దాచుకున్నారు.