కొండే గోడ, మన్నే రంగు
కడప, కర్నూలు గుట్టల్లో పేరు చెప్పకుండా వెళ్లిపోయిన చిత్రకారులు

పండగ వస్తోందంటే రాయలసీమ పల్లెల్లో ముందుగా కనిపించే రంగు జాజు. అరుగు అంచుకు, తులసికోట చుట్టూ, గడప పక్కన ఎర్రటి పట్టీ వేస్తారు. అది ఆరాక దాని మీద తెల్లటి ముగ్గు పెడతారు. ఆ ఎరుపూ, ఆ తెలుపూ కడప జిల్లా ముద్దనూరు మండలం చింతకుంట దగ్గరి కొండబండల మీద కూడా ఉన్నాయి. కాకపోతే అక్కడ రంగు పూసినవాళ్లకు అరుగు లేదు, గడప లేదు. కొండచరియే వాళ్లకు ఇల్లు, ఆ ఇంటి గోడే వాళ్లు బొమ్మ గీసిన చోటు.

ఇవి మధ్యశిలాయుగం నుంచి మొదలైన చిత్రాలని పరిశోధకుల అంచనా. దక్షిణాదిలో ఎర్రరంగు రాతిచిత్రాలు ఎక్కువగా ఒకేచోట దొరికిన స్థలాల్లో చింతకుంట ముఖ్యమైనది. ఆస్ట్రియా పరిశోధకుడు ఎర్విన్ న్యూమాయర్ వీటిని అధ్యయనం చేశారు. ఇటు కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలం కేతవరం గుట్టల్లోనూ ఇలాంటి చిత్రాలే ఉన్నాయి. తెలుగు నేల మీది రాతిచిత్రాల గురించి ఆచార్య ఎన్. చంద్రమౌళి ఏళ్ల తరబడి పరిశోధించి గ్రంథాలు రాశారు. ఇంత పరిశోధన జరిగినా, పక్క ఊరివాళ్లలో చాలామందికి ఈ బొమ్మల సంగతి ఇంకా తెలియదు.

కొండను గీయని చిత్రకారుడు

ఈ బండల మీద జింకలున్నాయి, మూపురం ఉన్న ఎద్దులున్నాయి, మనుషులున్నారు. కొండ మాత్రం లేదు. చెట్టూ, ఏరూ, ఆకాశపు అంచూ కనిపించవు. ప్రకృతి మధ్యే బతికినవాడు ప్రకృతి దృశ్యాన్ని ఎందుకు గీయలేదు?

ఆ బండ కింద కాసేపు కూర్చుంటే నాకు తోచే జవాబు ఒకటే. అతనికి కొండను వేరుగా గీయాల్సిన పని లేదు. గీస్తున్నదే కొండ మీద. జింక నిలబడ్డ నేల ఆ రాయే. ఎండ పొద్దున ఒక వైపు నుంచి, సాయంత్రం ఇంకో వైపు నుంచి వచ్చి బొమ్మ మీద పడుతుంది. దూరంగా నిలబడి చూసేవాడికే దృశ్యం కావాలి. అందులోనే ఉన్నవాడికి తోటి ప్రాణి చాలు. సీమలో తొలి ప్రకృతి చిత్రకారుడు ఇతనే అని నేను నమ్ముతాను.

అతను చూసిన సీమ మనం చూస్తున్నంత బోసిగా ఉండకపోవచ్చు. బేతంచెర్ల దగ్గరి బిలసర్గం గుహల గురించి 1844లో బ్రిటిష్ సైనికాధికారి న్యూబోల్డ్ రాశాడు. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ అక్కడ తవ్వకాలు మొదలుపెట్టాడు. బయటపడిన ఎముకల్లో ఖడ్గమృగానివీ ఉన్నాయి. దానికి శాస్త్రవేత్త లిడెక్కర్ పెట్టిన పేరులో మన కర్నూలు ఉంది: రైనోసెరస్ కర్నూలియెన్సిస్. రాతిచిత్రాల కంటే ఎంతో ముందుకాలపు మాట ఇది. అయినా ఈ నేల ఎన్ని రూపాలు మార్చుకుందో చెప్పడానికి ఆ ఒక్క పేరు చాలు.

నేలలోనే రంగుల పెట్టె

సీమను రంగు లేని నేల అనేవాళ్లు కర్నూలు నుంచి కడప దాకా ఒక్కసారి నెమ్మదిగా ప్రయాణం చేయాలి. ఎర్రమల, నల్లమల పేర్లలోనే రెండు రంగులు ఉన్నాయి. వాటి నడుమ కుందూ ఒడ్డున నల్లరేగడి. ఇంటింటి నేలకూ పరిచే నాపరాయి, కడప బండ, బూడిద నుంచి నలుపు దాకా. గండికోట దగ్గర పెన్న కోసుకుపోయిన లోయలో ఎర్రటి బండలు దొంతరలు పేర్చినట్టు దాదాపు 300 అడుగుల లోతుకు దిగుతాయి. బేతంచెర్ల చుట్టుపక్కల కావిమన్ను గనులున్నాయి, డోన్ వైపు బలపపు రాయి ఉంది.

ఈ రంగులన్నిటికీ మూలం భూగర్భంలో ఉంది. శాస్త్రవేత్తలు కడప బేసిన్ అని పిలిచే ఈ ప్రాంతం నెలవంక ఆకారంలో సుమారు 44 వేల చదరపు కిలోమీటర్లు పరుచుకుంది. ఒకప్పుడు ఇదంతా నీటి అడుగు. దాదాపు 190 కోట్ల ఏళ్ల కిందట మొదలై ఇసుక, బురద, సున్నం పొరలు పొరలుగా పేరుకుని రాళ్లయ్యాయి. గండికోట బండల మీద నేటికీ అలల గుర్తులు కనిపిస్తాయి. ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడటమే గొప్ప అనుకునే సీమలో, రాళ్ల మీద నీటి గీతలు!

రాతిచిత్రాల్లోని కావి రంగుకు ఎరుపునిచ్చేది ఇనుము తుప్పు. పసుపు కావిని కాలిస్తే అందులోని నీరు పోయి ఎర్రబడుతుంది. బండ మీద నూరి నీళ్లతో కలిపితే రంగు సిద్ధం. వేలితో పూయొచ్చు, నమిలిన పుల్లతో గీయొచ్చు. అప్పటికే తుప్పు అయిపోయిన దాన్ని ఎండ ఇంకేం చేయగలదు? అందుకే పువ్వుల నుంచి, ఆకుల నుంచి తీసిన రంగులు వెలిసిపోయినా కావి నిలిచింది.

చూడటమే తపస్సు

ఈ కొండల దగ్గరికి మనుషులు వేటకో రాళ్లకో మాత్రమే వెళ్లలేదు. బెలుం గుహల్లో ఒకప్పుడు బౌద్ధ, జైన సన్యాసులు ఉన్నారు. బనగానపల్లె దగ్గర రవ్వలకొండ గుహలో కూర్చుని వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం రాశారని జనం నమ్మకం. రాయి దగ్గర మనసు నిలకడ పడుతుందని సీమవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు.

చిత్రకళలో ఆ దారిన నడిచిన తెలుగువాడు సంజీవదేవ్. గుంటూరు జిల్లా తుమ్మపూడిలో 1914లో పుట్టి, 1999లో కన్నుమూశారు. ప్రకృతి దృశ్యాలు గీశారు, కళ గురించి, సౌందర్యం గురించి జీవితాంతం రాశారు. యవ్వనంలో హిమాలయాలకు వెళ్లి, కులూ లోయలో రష్యన్ చిత్రకారుడు నికొలాస్ రోరిక్ కుటుంబంతో గడిపారు. రోరిక్ మంచు కొండలను దైవంగా చూసి గీసినవాడు. అంతకుముందు తన దేశంలో రాతియుగపు స్థలాలను తవ్విన పురావస్తు పరిశోధకుడు కూడా. ఆ ఆదిమ మనిషిని అతను అనాగరికుడిగా చూడలేదు, కళాకారుడిగా గౌరవించాడు. రోరిక్ మంచు కొండలకూ చింతకుంట ఎర్రబండలకూ మధ్య నాకు కనిపించే చుట్టరికం అదే. కొండ ముందు తలవంచినవాడికే కొండ రంగు అందుతుంది.

అలా చూడటానికి ఓపిక కావాలి. పూర్తిగా అంతరించిందనుకున్న కలివికోడి 1986లో ఇదే కడప జిల్లా లంకమల చిట్టడవుల్లో మళ్లీ కనిపించింది. ముళ్లపొదలు తప్ప ఏముందక్కడ అనుకున్న చోట, ప్రపంచంలో ఇంకెక్కడా కనబడని పక్షి దాగి ఉంది. బొమ్మలు గీసేవాళ్లు సీమకు రావాల్సింది ఆ చూపు నేర్చుకోవడానికే. మధ్యాహ్నపు ఎండ అన్నిటినీ ఒకే రంగు చేసేస్తుంది. పొద్దు పొడిచేటప్పుడు, వాలేటప్పుడు గండికోట బండల మీద రంగు నిమిషనిమిషానికీ మారుతుంది. ఆ రెండు వేళల్లో కుంచె పక్కన పెట్టి, ముందు ఊరికే కూర్చోండి.

వెళ్లాలంటే

ముద్దనూరు గుంతకల్లు–రేణిగుంట రైలు మార్గంలో ఉంది. గండికోటకు జమ్మలమడుగు మీదుగా వెళ్లాలి. ఓర్వకల్లు కర్నూలు–నంద్యాల రహదారి మీదే వస్తుంది, కేతవరం ఆ మండలంలోనే. కొండదారి తెలిసిన ఊరివాళ్లను తోడు తీసుకెళ్లండి. ఎండాకాలం వద్దు, డిసెంబరు, జనవరి మంచిది.

ఒక మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. ఫొటోలో బాగా కనబడాలని బొమ్మల మీద నీళ్లు చల్లకండి. చేత్తో తడమకండి. పక్కన మీ పేరు చెక్కకండి. బండ కింద మంట వేయకండి. వేల ఏళ్ల ఎండావానలకు నిలిచిన గీత మన చేతి చెమటకు, పొగకు నిలవదు. దగ్గరి బడుల్లో బొమ్మలు నేర్పే టీచర్లు ఏడాదికి ఒక్కసారి పిల్లల్ని అక్కడికి నడిపించి తీసుకెళితే, ఈ చిత్రాలకు అంతకంటే మంచి కాపలా ఉండదు. గీసినవాడు తన పేరు రాసుకోలేదు. చూడటానికి వెళ్లే మనమూ మన పేరు రాయకుండా తిరిగొద్దాం.