ఇఫ్తార్ ఖర్జూరం గింజ నాటితే పండ్లు కాస్తాయా?

రంజాన్‌లో ఇఫ్తార్ అయ్యాక దస్తర్‌ఖాన్ ఎత్తేసరికి ప్రతి ఇంట్లో గుప్పెడు ఖర్జూరం గింజలు మిగులుతాయి. "అమ్మీ, ఇది నాటితే చెట్టు వస్తుందా?" అని పిల్లలు అడుగుతారు. వస్తుంది. కానీ మనం తిన్న పండే దానికి కాస్తుందా? చాలామంది పొరబడేది ఇక్కడే.

మొలకెత్తించడం కష్టమేమీ కాదు. గింజకు అంటిన గుజ్జును బాగా కడగాలి, లేకపోతే బూజు పడుతుంది. రెండు రోజులు నీళ్లలో నానబెట్టాలి, రోజూ నీళ్లు మార్చాలి. తర్వాత తడి గుడ్డలో చుట్టి, మూత డబ్బాలో పెట్టి వెచ్చని చోట ఉంచాలి. మొలక రావడానికి కొన్ని వారాలు పడుతుంది.

ముందు తెల్లటి కాడ ఒకటి బయటికొచ్చి కిందికి దిగుతుంది. ఆకు ఆ కాడలోంచే పైకి వస్తుంది. అందుకే లోతైన కుండీ కావాలి. ఇసుక కలిపిన మట్టిలో అంగుళం లోతున నాటి, ఎండ తగిలేచోట పెట్టాలి. గింజను తెంపకూడదు, మొదట్లో మొక్కకు తిండి అందులోనే ఉంటుంది. తొలి ఆకు అచ్చం గడ్డిపరకలా ఉంటుంది. కలుపు అనుకుని పీకేయకండి!

ఇక అసలు విషయం. తాటిచెట్లలో పోతుతాడు ఉన్నట్టే ఖర్జూరంలోనూ ఆడ, మగ చెట్లు వేరు. గింజల నుంచి వచ్చినవాటిలో దాదాపు సగం మగవే, వాటికి పండ్లు రావు. పూత వచ్చేదాకా చూసి ఏది ఏదో చెప్పలేం. ఆ పూతకు ఏళ్లు పడుతుంది. ఆడ చెట్టే అయినా, తల్లిచెట్టు పండు రుచి దానికి వస్తుందన్న గ్యారంటీ లేదు. అజ్వా గింజ నాటితే అజ్వానే కాస్తుందనుకోవద్దు.

అందుకే రైతులు గింజలు నాటరు. మంచి ఆడచెట్టు మొదట్లో వచ్చే పిలకలను వేరుచేసి నాటుతారు, లేదా టిష్యూ కల్చర్ మొక్కలు తెస్తారు. అనంతపురం వైపు కొందరు రైతులు ఇలాగే బర్హీ రకం వేశారు. ఈ కాయను పసుపు రంగులో, కరకరలాడుతుండగానే తినొచ్చు. పూర్తిగా మాగేదాకా ఆగితే వానలకు పండు పాడవుతుంది.

కాబట్టి ఎవరైనా చిన్న మొక్క చూపించి "ఇది ఆడదే" అంటే డబ్బు ఇచ్చేముందు ఆగండి. గింజ మొక్కా, పిలకా, టిష్యూ కల్చరా అని అడగండి. పిల్లల సరదాకైతే గింజే చాలు. కాకపోతే ఆకుల మొదట్లో ముళ్లు గట్టిగా ఉంటాయి, నడిచే దారికి దూరంగా నాటండి.