బాపట్ల సీమ - స్థానిక స్వపరిపాలనము

2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన ఆంధ్రప్రదేశమునందలి జిల్లాలు పునర్విభజింపబడినప్పుడు బాపట్ల ముఖ్యపట్టణముగా నొక క్రొత్త జిల్లా ఏర్పడినది. గుంటూరు జిల్లానుండి బాపట్ల, రేపల్లె, వేమూరు ప్రాంతములును, ప్రకాశము జిల్లానుండి చీరాల, పర్చూరు, అద్దంకి ప్రాంతములును తెచ్చి యిందు చేర్చిరి. ఏర్పడిననాడు దీనికి 25 మండలములు. 2011 జనాభా లెక్కల ననుసరించి జనసంఖ్య 15 లక్షలకు పైమాట. కలెక్టరు వచ్చెను, పోలీసు సూపరింటెండెంటు వచ్చెను, కచ్చేరీలు వెలసెను. కాని జిల్లా ప్రజాపరిషత్తు రాలేదు. 2021లో ఎన్నికైన పరిషత్తులను పాత జిల్లాల హద్దులలోనే కొనసాగించిరి. తత్ఫలితముగా నొకే జిల్లాకు చెందిన మండలముల ప్రతినిధులలో కొందరు గుంటూరునను, కొందరు ఒంగోలునను కూర్చుండవలసివచ్చినది. అధికారులకు జిల్లా ఒక్కటి. ప్రజలకు మాత్రము రెండు సగములు! ఇది కాగితములకు సంబంధించిన స్వల్పవిషయమని కొందరు తలపవచ్చును. అట్లు కాదని చెప్పుటకే మేమీ సీమ వృత్తాంతమును పాఠకుల ముందుంచుచున్నాము.

సముద్రతీరమునుండి మెట్టవైపునకు పోయిన కొలది ఈ సీమయందు నాలుగు తెరగుల నేలలు కానవచ్చును. మొదటిది ఇసుకదిబ్బ. అచ్చట తాడి, సరుగుడు, జీడిమామిడి పెరుగును. ఇసుకలో లోతులేని గుంటలు త్రవ్వి, ఉప్పునీటిపై తేలియుండు మంచినీటిని తోడుకొని రైతులు వేరుసెనగయు, కూరగాయలును పండింతురు. ఈ గుంటలకే దొరువులని పేరు. రెండవది పర్రభూమి, ఉప్పుటేళ్లును, మడచెట్లును, ఇటీవలి దశాబ్దములలో రొయ్యల చెరువులును దాని లక్షణములు. మూడవది కృష్ణ కాలువల క్రింది మాగాణి. విజయవాడకడ ఆనకట్ట 1855 నాటికి పూర్తియైన పిమ్మట పశ్చిమ డెల్టా కాలువలు ఈ భూములను వరిచేలుగా మార్చినవి. వానిలో కొమ్మమూరు కాలువ పెదగంజాముకడ బకింగుహాము కాలువను కలియును. నాలుగవది పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు ప్రాంతముల నల్లరేగడి. ప్రత్తికిని, మిరపకును, పొగాకునకును, సెనగకును పుట్టినిల్లు. బెస్తవాడు, సాలెవాడు, వరిరైతు, ప్రత్తిరైతు ఒకరినొకరు కొన్నిగంటల ప్రయాణములో కలిసికొనగల సీమ యిది.

ఈ నాలుగు నేలల బ్రతుకులును ఒకదానితో నొకటి ముడివడియున్నవి. ఆ ముడి యేదియన, నీరు. మెట్టపై కురిసిన వాన నల్లమడవంటి వాగులగుండ మాగాణిలోనికి దిగును. అచ్చటినుండి పర్రలు దాటి సముద్రమును చేరవలెను. మురుగుకాలువ పూడినచో, తూడు పెరిగి దారి మూసినచో, సముద్రపు పోటు ఎదురు త్రోసినచో, ఆ నీరు చేలలోనే నిలుచును. ఎగువ రైతునకు వాన వరమైననాడే దిగువ రైతునకు ముంపగును. కాలువ చివరి భూములకు వేసవి ముందర నీరందదు. తుపాను దినములలో అక్కరలేని నీరు పోదు. 1960వ దశాబ్దమున ఏ. సి. మిత్రా అధ్యక్షతను నిపుణుల సంఘము డెల్టా మురుగునీటి సమస్యను పరిశీలించినది. 1968లో డెల్టా భూములపై మురుగు సెస్సు విధించుటకు చట్టము వచ్చినది. రైతు శిస్తుతోపాటు సెస్సును చెల్లించెను. కాని యే కాలువను ముందు త్రవ్వవలెనో, ఏ లాకును ముందు బాగుచేయవలెనో నిర్ణయించు సభలో ఆ రైతుయొక్క కంఠము ఎంతవరకు వినబడినది? ప్రశ్న యిదియే.

తుపానుల సంగతి చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19వ తేదీనాటి ఉప్పెన కృష్ణా, గుంటూరు తీరములపై పడి సుమారు పదివేలమందిని పొట్టనిడుకొన్నది. 1990 మే నెలలో దాదాపు అంతటి తీవ్రతగల తుపానే ఈ తీరమును తాకినను, మృతుల సంఖ్య వేయికి లోబడియే యుండెను. గాలి కనికరించినదా? లేదు. ముందుగా హెచ్చరిక అందినది, జనమును తరలించిరి, ఆశ్రయభవనములు కొన్ని వెలసియుండెను. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగు తుపాను బాపట్లకడనే తీరము దాటి కోతకు వచ్చిన వరిని నేలపాలు చేసినది. ప్రాణములను కాపాడుట నేర్చితిమి. పంటను కాపాడుట యింకను నేర్వలేదు. ప్రాణరక్షణకు రాజధానినుండి వచ్చు ఆజ్ఞ చాలును. పంటరక్షణకు ఊరూర మురుగుకాలువ శుభ్రముగా నుండవలెను. అది ఏడాది పొడుగున ఊరివారి పర్యవేక్షణలో జరుగవలసిన పని.

స్థానిక పాలనమనగా ఈ సీమకు క్రొత్తమాట కాదు. ఇప్పటికి నూరేండ్లకు పూర్వమే ఈ దేశమున ఆ మాటకు అర్థమేమో చీరాల పేరాల ప్రజలు చూపియుండిరి. అప్పటి బాపట్ల తాలూకాలోని ఆ గ్రామములు యూనియనుగా నున్నప్పుడు పన్నుల భారము సాలునకు నాలుగువేల రూపాయల ప్రాంతము. చెన్నపట్టణ ప్రభుత్వము వానిని మునిసిపాలిటీగా మార్చగా ఆ భారము అనేక రెట్లు పెరిగెను. నేతగాండ్రును, చిన్న రైతులును అధికముగాగల ఆ గ్రామములు అది తమకు వలదని మొరపెట్టుకొన్నవి, మొర ఆలకింపబడలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ప్రజలు తమ యిండ్లను విడిచి, మునిసిపలు హద్దులకు వెలుపల రామనగరమను పర్ణశాలల ఊరు కట్టుకొని, ఎండకు వానకు ఓర్చి పదునొకండు నెలలు నివసించిరి. ఆ యేడే గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చి వారితో మాటలాడెను. పిమ్మట గోపాలకృష్ణయ్యగారు కారాగారమునకు పోయిరి, ఉద్యమము చల్లారెను, మునిసిపాలిటీ నిలిచెను.

ఇచ్చట నొక ఆక్షేపణ రావచ్చును. "స్థానిక సంస్థ వలదని యిండ్లు విడిచిపోయినవారి సీమకు స్థానిక సంస్థ కావలెనని వాదించుట యెట్లు?" అని. ఆ యుద్యమమును సరిగా గ్రహింపనివారి ప్రశ్న యిది. చీరాల ప్రజలు స్వపరిపాలనమును కాదనలేదు. తమ్మడుగక తమపై దింపిన సంస్థను కాదనిరి. రామనగరములో నున్నన్ని నాళ్లును తమ వ్యవహారములను తామే నడపుకొనిరి. పన్ను వేయువాడు ఒకడు, చెల్లించువాడు వేరొకడు, ఖర్చు నిర్ణయించువాడు మరియొకడు అగుట వారికి సమ్మతము కాలేదు. 1922 ఆరంభమున అదే తాలూకాలోని పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున రైతులు శిస్తు నిలిపివేసినప్పుడును, గ్రామోద్యోగులు రాజీనామా లిచ్చినప్పుడును వెల్లడియైన భావమిదియే. పన్నునకు సమ్మతి మూలమని రేగడి రైతునకు ఎవరును పుస్తకము చదివి చెప్పనక్కరలేకపోయెను.

అట్టి సీమను హద్దులు పలుమారులు చీల్చినవి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడెను. 1934లో తాలూకా బోర్డులు రద్దయి, ఊరికి సమీపముననున్న సభ పోయి దూరమున నున్న జిల్లాబోర్డు మిగిలెను. 1959లో పంచాయతి సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చినవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడగా - దానికే 1972లో ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి - చీరాల అటు, బాపట్ల యిటు అయినవి. రెండు ఊళ్ల నడుమ దూరము పదిమైళ్లు; జిల్లాలు మాత్రము వేరు. 1980 దశకము నడుమ తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. ఇన్ని మార్పులలో 2022నాటి మార్పు ఒక విధముగా మంచిదే: విడిపోయిన చీరాల బాపట్లలను అది మరల కలిపినది. కాని కలిపినది కచ్చేరీలను మాత్రమే, సభను కాదు.

రాజ్యాంగమునకు 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చినది. గ్రామము, మండలము, జిల్లా అను మూడు మెట్లకును ఎన్నికైన సంస్థ లుండవలెననియు, ఐదేండ్లకొకమారు ఎన్నికలు జరుగవలెననియు అది శాసించినది. పదునొకండవ షెడ్యూలున 29 విషయములు - చిన్ననీటి వనరులు, త్రాగునీరు, రోడ్లు, విద్య, చేపల పెంపకము మొదలగునవి - ఈ సంస్థలకు అప్పగింపదగినవిగా పేర్కొనబడినవి. ఆచరణమో? 2011లో పదవీకాలము తీరిన జిల్లాపరిషత్తులకు 2014 వరకును ఎన్నికలు లేవు. 2019లో తీరినవానికి 2021 వరకును లేవు. ఆ నడిమికాలమున ప్రత్యేకాధికారులే పాలకులు. ధనము విషయమును అంతే. 2015 నుండి 2020 వరకు పదునాలుగవ ఆర్థిక సంఘపు నిధులు గ్రామపంచాయతులకే చెందినవి; మండల, జిల్లా పరిషత్తులు వట్టి చేతులతో కూర్చుండెను. పదునైదవ సంఘము మూడు మెట్లకును మరల వాటా చూపినది. అధికారము లేని సభకు ఎన్నిక తంతు. ధనము లేని సభకు అధికారము తంతు.

పరిషత్తులు వచ్చిననాడు కంట్రాక్టుదారులకును, కక్షలకునే ఉపకరించునని నిరాశపడు పెద్దమను‌ష్యులు కలరు. ఆ నిరాశకు కారణములు లేకపోలేదు. కాని కచ్చేరిలో మూసిన తలుపుల వెనుక జరిగిన తప్పు కంటె సభలో పదిమంది యెదుట జరిగిన తప్పు దిద్దుకొనుటకు సులభము. అధికారి రెండు మూడేండ్లకు బదిలీ యగును. మురుగుకాలువ బదిలీ కాదు. ప్రతినిధి తన యూరికి తిరిగి పోవలెను, తన చేనిగట్టుపై నిలువవలెను, పొరుగువాని ప్రశ్నకు బదులు చెప్పవలెను.

మా అభిప్రాయము స్పష్టము. జిల్లా పటమును ఎప్పుడు మార్చినను దానితోడనే పరిషత్తు హద్దులను గూడ మార్చవలెను. కలెక్టరు ఒకచోటను, సభ రెండు చోట్లను ఉండు స్థితి యెన్నడును కలుగరాదు. డెల్టా రైతులనుండి మురుగునీటి పేర వసూలైన ప్రతి రూపాయికిని సభయెదుట లెక్క చెప్పవలెను. ఎగువ జిల్లాలనుండి దిగివచ్చు వాగుల విషయమున ఇరుగుపొరుగు పరిషత్తులు కలసి కూర్చుండి పనుల వరుసను నిర్ణయింపవలెను. తీరగ్రామముల తుపాను ఆశ్రయములను పంచాయతులు బడులుగనో, గ్రంథాలయములుగనో వాడుకొనుచు సంరక్షింపవలెను. 1918లోనే సారస్వతనికేతనమును స్థాపించుకొన్న వేటపాలెమువంటి ఊరున్న సీమకు ఇది అసాధ్యమగు పని కాదు.

భూస్వాములును, పట్టణవాసులును ఈ విషయమును తమది కాదనుకొనరాదు. 1913లో ప్రథమాంధ్ర మహాసభ బాపట్లలో సమావేశమైనప్పుడు ఆంధ్రులు తమ వ్యవహారములు తామే చూచుకొనవలెనని తలంచిరి. ఆంధ్రరాష్ట్రము వచ్చినది, దేశమునకు స్వాతంత్ర్యము వచ్చినది. ఇక రావలసినది ఊరి కాలువపై ఊరివారి అధికారము. ఓటు అడుగవచ్చిన ప్రతివానిని రేగడి రైతును, కాలువ చివరి రైతును, తీరపు బెస్తవాడును ఒక్కటే ప్రశ్న అడుగవలెను: "మా సెస్సు లెక్క మా సభలో ఎప్పుడు చదివెదరు?"