ఇంజిన్ గుట్టు.. సెల్‌ఫోన్‌లో రట్టు
కారు డ్యాష్‌బోర్డుపై ఇంజిన్ దీపం వెలిగితే కారణం యజమానికి ఓ పట్టాన అంతుపట్టదు. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌లో చిన్న బ్లూటూత్ అడాప్టర్ అమర్చి, స్మార్ట్‌ఫోన్‌లో తగిన యాప్ తెరిస్తే ఆ గుట్టు కొంత తెలుస్తుంది. ఇంజిన్ వేగం, కూలెంట్ ఉష్ణోగ్రత అప్పటికప్పుడు కనిపిస్తాయి. వేసవిలో రెండోది ఎంతో కీలకం. సాధారణంగా 90 డిగ్రీల సెల్సియస్ పరిసరాల్లో ఉండే అంకె ఆగకుండా పెరుగుతుంటే బండి పక్కకు నిలిపి ఇంజిన్ ఆపేయాలి. వేడి మీద రేడియేటర్ మూత తెరవరాదు.

అసలు చిక్కు లోపాల కోడ్‌లతోనే. పీ0171 అంటే గాలికి తగినంత ఇంధనం అందడం లేదని అర్థం. గాలి గొట్టం చీలినా, ఇంధన పంపు బలహీనపడినా అదే కోడ్ వస్తుంది. అది చూసి వెంటనే సెన్సర్ మార్పించడం డబ్బు దండగే. యాప్‌తో కోడ్ చెరిపేస్తే దీపం ఆరుతుంది గానీ లోపం పోదు. పైగా మెకానిక్‌కు పనికొచ్చే ఆధారం మాయమవుతుంది.