ఒక కారుకు పది పేర్లు.. పది కార్లకు ఒక పేరు!

కొనబోయేవారికి తికమక - సామాన్ల కోసం తిప్పలు

పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కియా కర్మాగారంలో 2019లో ఉత్పత్తి మొదలయ్యాక ఈ ప్రాంత రైతులకు కార్లు వింత వస్తువులు కాకుండా పోయాయి. కొత్త కార్లను మోసుకుపోయే పొడవాటి లారీలు బెంగుళూరు రహదారి మీద నిత్యం కనబడుతూనే ఉంటాయి. పల్లెల్లోనూ పంట డబ్బు కొంత, అప్పు కొంత కలిపి కారు కొనేవారు పెరిగారు. అయితే షోరూం గడప తొక్కినవారికి ధర కంటే ముందు ఎదురయ్యే చిక్కు పేరు.

సెల్టోస్ కావాలని అడిగితే "ఏ సెల్టోస్?" అన్న ప్రశ్న వస్తుంది. హెచ్‌టీఈ, హెచ్‌టీకే, హెచ్‌టీఎక్స్, జీటీఎక్స్ అని అక్షరాల వరుస చదువుతారు. కొన్నింటి పక్కన ప్లస్ గుర్తు ఉంటుంది. అదే కంపెనీ వారి సైరోస్‌లో కొన్ని రకాల చివర 'ఓ' అనే అక్షరం కూడా చేరింది. ఏ అక్షరానికి ఏమి వస్తుందో, ఏమి రాదో పట్టిక ముందు పెట్టుకుంటే తప్ప తెలియదు.

ఇది ఒక్క కంపెనీ సంగతి కాదు. మారుతీ వారు తమ నెక్సా షోరూముల్లో అమ్మే కార్లకు గ్రీకు అక్షరాలు తగిలించారు. గ్రీకు అక్షరమాలలో మొదటిది ఆల్ఫా. ఇక్కడ మాత్రం అన్నిటికంటే ఖరీదైన రకం ఆల్ఫా, చౌక రకం సిగ్మా. మధ్యలో డెల్టా, జీటా. తెలుగు అక్షరాలే కూడబలుక్కునే పెద్దమనిషికి ఈ వరుస ఎలా అర్థం కావాలి?

అంకె పెరిగితే కొత్తదని తెలిసేది

ఒకప్పుడు రోడ్ల మీద అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ అనే మూడు రకాలే ఎక్కువగా కనిపించేవి. అంబాసిడర్‌లో మార్క్-2, మార్క్-3, మార్క్-4 అని వరుసగా వచ్చాయి. అంకె పెరిగితే బండి కొత్తదని చిన్నపిల్లవాడు కూడా చెప్పగలిగేవాడు. ఫియట్‌కు కంపెనీ 1970లలో ప్రీమియర్ పద్మిని అని పేరు మార్చినా జనం ఫియట్ అనడం మానలేదు. 1983 డిసెంబరులో వచ్చిన మారుతీ 800కు ఆ పేరు ఇంజిను సైజును బట్టి పెట్టిందే. దాని ఇంజిను 796 సీసీ.

ఆ రోజుల్లో డబ్బు కట్టి కారు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చేది. నచ్చినా నచ్చకపోయినా ఉన్నదే కొనాలి. ఆ రోజులు మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. రకాలు పెరగడం మంచిదే. పేరును బట్టి బండిని గుర్తుపట్టలేని స్థితి రావడమే చెడు.

పాత పేరు, కొత్త బండి

మహీంద్రా వారి ఎక్స్‌యూవీ 500 అనేది 2011లో వచ్చింది. 2019లో 300, 2021లో 700 వచ్చాయి. అంకెను బట్టి బండి సైజు తెలుస్తుందనుకుంటే, 2023లో అమ్మకానికి వచ్చిన 400 పెట్రోలు, డీజిలు బండే కాదు, కరెంటుతో నడిచేది. 2024లో 300ను మార్చి '3ఎక్స్‌ఓ' అన్నారు. పల్లెల్లో బాగా పేరుపడిన బొలెరో 2000లో వచ్చింది. 2015 నాటి టీయూవీ 300 అనే వేరే బండికి 2021లో 'బొలెరో నియో' అని పేరు పెట్టారు. బొలెరో అన్న మాట విని వెళ్లినవాడికి కనబడేది మరో ఆకారం.

మారుతీ వారి జెన్ 1993 నాటిది. అది ఆగిపోయాక 2006లో 'జెన్ ఎస్టిలో' వచ్చింది. పేరులో జెన్ ఉన్నా బండి వేరు. బాలెనో 1999లో వెనుక డిక్కీ ఉన్న కారు. 2015లో అదే పేరుతో వచ్చినదానికి ఆ తోక లేదు.

ఒకే బండికి రెండు పేర్లుండడం మరో తంతు. మారుతీ బాలెనోనే కొద్ది మార్పులతో 2019 నుంచి టయోటా వారు గ్లాంజా అని అమ్మారు. 2020లో మారుతీ బ్రెజా టయోటా షోరూములో 'అర్బన్ క్రూయిజర్' అయింది. 2022లో వేరే పెద్ద బండికి 'అర్బన్ క్రూయిజర్ హైరైడర్' అని, 2024లో మారుతీ ఫ్రాంక్స్‌కు 'అర్బన్ క్రూయిజర్ టైజర్' అని పేర్లు పెట్టారు. ఊళ్లో ఒకరు అర్బన్ క్రూయిజర్ బాగుందంటే, మూడింటిలో ఏది బాగుందో మళ్లీ అడగాలి.

ఎందుకిలా?

ఇందుకు కొంత పన్నులు కారణం. 2006 బడ్జెటులో చిన్న కార్లపై ఎక్సైజు సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. పొడవు నాలుగు మీటర్లకు మించరాదు. ఇంజిను పెట్రోలుదైతే 1,200 సీసీ, డీజిలుదైతే 1,500 సీసీ దాటరాదు. దానితో ఆ కొలతకు లోబడే బండ్లు పుట్టుకొచ్చాయి. 2008లో వచ్చిన స్విఫ్ట్ డిజైర్ నాలుగు మీటర్లు దాటి ఉండేది. 2012లో దాని డిక్కీ కురచ చేసి గీత లోపలికి తెచ్చారు. పేరు మాత్రం మార్చలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి అమలైన జీఎస్టీ మార్పుల్లోనూ చిన్న కార్లకు 18 శాతం, పెద్దవాటికి 40 శాతం అని అదే గీత నిలిచింది.

మిగతాది వ్యాపార సూత్రం. పేరు తెచ్చుకున్న పాత మాటను కొత్త బండికి తగిలిస్తే ప్రచారం ఖర్చు కలిసివస్తుంది. ప్రకటనలో అన్నిటికంటే తక్కువ రకం ధర వేస్తారు. షోరూములో "ఇంకో కొంచెం వేసుకుంటే పై రకం" అంటూ ఒక్కో మెట్టూ ఎక్కిస్తారు. నెలసరి కంతు కొద్దిగానే పెరిగినట్లు కనబడుతుంది గాని ఐదేళ్లకు లెక్క వేస్తే ఎడ్ల జత ఖరీదు దాటిపోవచ్చు.

ప్రాణాలతో చెలగాటం

ఈ అక్షరాల తేడా అద్దాలకు, సీటు గుడ్డలకు సంబంధించినదే అయితే సరిపెట్టుకోవచ్చు. 2019లో సెల్టోస్ వచ్చినపుడు కింది రకాలకు రెండు ఎయిర్‌బ్యాగులు, పై రకాలకు ఆరు ఉండేవి. బయట పేరు ఒక్కటే. తరువాత అన్ని రకాలకూ ఆరు ఇచ్చారు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు ఈ తేడా చూసుకోకపోతే పిల్లాపాపలతో ప్రయాణం చేసేటపుడు ఉందనుకున్న రక్షణ ఉండదు.

బాడుగ కార్లు నడుపుకునేవారి బాధ మరొకటి. డిజైర్‌కు బంపరు కావాలంటే సరిపోదు. 2008 నాటిదా, 2012 నాటిదా, 2017 నాటిదా చెప్పాలి. పైగా 2017లో కొత్త డిజైర్ వచ్చాక పాత ఆకారపు బండిని 'టూర్' అనే పేరుతో ట్యాక్సీలకు అమ్మారు. హిందూపురం పోయో, అనంతపురం పోయో తెచ్చుకున్న సామాను సరిపోకపోతే మళ్లీ బస్సు చార్జీ, పైన ఒకరోజు బాడుగ నష్టం.

నమ్మదగింది ఛాసిస్ నంబరే

పేరు మారినా మారనిది ఛాసిస్ నంబరు. అక్షరాలు, అంకెలు కలిపి పదిహేడు ఉంటాయి. ఆర్‌సీలో రాసి ఉంటుంది. సామాన్ల దుకాణంలో పేరుకు బదులు ఈ నంబరు చూపితే సరైన సామాను దొరుకుతుంది. బండి తయారైన నెల, సంవత్సరం కూడా ఆర్‌సీలోనే ఉంటాయి.

కొత్త కారు కొనేవారు ఏ రకమో పూర్తి పేరు కొటేషన్ మీద రాయించుకుని, బిల్లు వచ్చాక రెండూ పోల్చి చూసుకోవాలి. బీమా కాగితంలోనూ అదే రకం ఉందా అని చూడాలి. బండి విలువను ఆ రకం ధరను బట్టే కడతారు గనుక, తప్పు పడితే ప్రమాదం జరిగిన రోజున నష్టం యజమానిదే.

ఈ ప్రాంతపు రైతుకు కదిరి-6 వేరుశనగ బాగా తెలుసు. ఆ పేరు చెబితే ఏ విత్తనమో, ఏ ఊరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిందో ఎవరినీ అడగనక్కరలేదు. ధ్రువీకరించిన విత్తనపు సంచికి రకం పేరు, మొలక శాతం తెలిపే చీటీ కట్టి ఉంటుంది. సంచెడు విత్తనాలకు ఉన్న ఈపాటి స్పష్టత లక్షలు పోసి కొనే కారుకు ఉండాలని కోరడం అత్యాశ కాదు. తయారైన సంవత్సరం, ఇంజిను, ఎయిర్‌బ్యాగుల సంఖ్య తెలిపే చీటీ ఒకటి ప్రతి కారు అద్దానికీ, అదీ తెలుగులో, అంటించి అమ్మితే కంపెనీలకు పోయేదేమీ లేదు. ఆ పని జరిగేవరకు షోరూములో సంతకం పెట్టేముందు కొనేవారే ఈ మూడూ అడిగి, కాగితం మీద రాయించుకోవడం మంచిది.